పెద్దరికమును ఒక కాయకమే



మన ఉత్తర తెలంగాణమున, ఒకప్పటి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో, వీరశైవ కుటుంబములు తరతరములుగా సేద్యమును, వర్తకమును, మఠసేవను నమ్ముకొని బ్రతికినవి. 2016వ సంవత్సరమున ఆ రెండు జిల్లాలు అనేక జిల్లాలుగా విడివడినను, గోదావరికి ఇరువైపులనున్న ఈ నేల బ్రతుకు ఒక్కటే. నేడు మన బిడ్డలు గోదావరిఖని, మందమర్రి ప్రాంతముల బొగ్గుబాయిలలోను, రామగుండము విద్యుత్కేంద్రములోను, కాగజ్‌నగరు కాగితపు మిల్లులోను, బ్యాంకులలోను, సహకార సంఘములలోను పని చేయుచున్నారు. వారిలో పలువురు పదిమందికి పెద్దలైనారు. సర్దారు, ఓవర్‌మన్, ఫోర్‌మన్, మేనేజరు, కార్యదర్శి అని పేరు ఏదైనను కావచ్చును. తన మాట వలన మరొకని దినము సుఖముగానో దుఃఖముగానో గడచు స్థానము అది. అట్టి స్థానమునందున్న వారిని గూర్చి ఈ మారు కొన్ని మాటలు మనవి చేయదలచితిని.

కొంతకాలము క్రిందట మఠములో ప్రవచనము ముగిసి, అందరును ప్రసాదము స్వీకరించి వెడలిపోయిన పిమ్మట, ఒక యువకుడు మాత్రము కదలక కూర్చుండెను. అతడు ఒక భూగర్భ గనిలో ఓవర్‌మన్. అతని పేరును, గని పేరును ఇచట అనవసరము. ఏమి బిడ్డా అని అడుగగా అతడు ఇట్లు చెప్పెను.

"అయ్యగారూ, నేను లింగపూజ చేయనిదే నీరు ముట్టను. పనిలో ఎవ్వరికిని తీసిపోను. అందరికంటె ముందు బాయి దిగుదును, అందరి తరువాత పైకి వత్తును. నేను వచ్చిన మొదటి రెండు నెలలు మా షిఫ్టు పనిని అందరు మెచ్చుకొనిరి. మూడవ నెల నుండి మస్టర్లు తగ్గినవి. నాలుగవ నెలలో సామాను మోయు టబ్బుల హాలేజీ తాడు తెగి ఒక కార్మికుని కాలు విరిగినది. ఆ తాడు పోగులు లేచియున్న సంగతి మావాడొకడు రెండు దినముల ముందే చూచెనట. నాతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితిని. 'చెప్తే పని ఆగుతది సార్. పని ఆగితే మీరు తిడ్తరు' అనెను. ఆ మాట నన్ను నిద్ర పోనీయుట లేదు. నేను చేసిన తప్పేమి?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. కొంతసేపటికి, "బిడ్డా, నీవు పని నెరిగినవాడవు. అందు సందేహము లేదు. కాని పని చేయుట ఒక కాయకము. పని చేయించుట మరియొక కాయకము. రెండవదానిని నీవు ఇంకను మొదలు పెట్టలేదు" అంటిని. ఆ దినము అతనితో క్లుప్తముగా చెప్పినదానిని ఇచట వివరించుచున్నాను.

కాయకమునకు అర్థము

కాయకమనగా కాయముతో చేయు శ్రమ మాత్రమే యని కొందరు తలచుదురు. 12వ శతాబ్దపు శరణులు ఆ మాటకు ఇచ్చిన అర్థము విశాలమైనది. సత్యముగా, శుద్ధముగా, లోకమునకు ఉపయోగపడునట్లు చేసి, దాని ఫలమును జంగమమునకు అర్పించు వృత్తి యేదైనను కాయకమే. ఆ దృష్టిలో బట్టలు ఉతుకుటయు, పడవ నడపుటయు, తాళ్ళు పేనుటయు, రాజ్యపు లెక్కలు వ్రాయుటయు సమానములు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అను మాట శరణ ధర్మమున లేదు.

బసవేశ్వరుడు అడవికి పోయిన సన్న్యాసి కాడు. బిజ్జలుని కొలువులో భండారి. భండారమన్నచో ఒక్కని చేతిపని కాదు. లెక్కలు వ్రాయువారు, కాపలా కాయువారు, మోయువారు, పంచువారు ఉందురు. కావున పదిమందిచే పని చేయించుటలోని కష్టము బసవన్నకు తెలియనిది కాదు. మన తెలుగున బసవ పురాణమును రచించిన పాల్కురికి సోమనాథుడు ఒక కథ చెప్పెను. బసవన్న రాజధనమును జంగమములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా, బిజ్జలుడు భండారమును లెక్క చూచెను. ధనము తరుగలేదు. భక్తులు దీనిని మహిమగా గ్రహింతురు. గ్రహింపవలసినదే. ఐతే అధికారమునందున్న వానికి ఇందులో మరియొక పాఠము కలదు. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినను తన లెక్కను విప్పి చూపగలిగినవాడే నిర్భయుడు.

పెద్దరికమును కాయకముగా చేయదలచిన వానికి నాలుగు అలవాట్లు కావలెను. వినుట, మితమెరుగుట, పంచుట, అప్పగించుట. వీనిని గుణములు అనక అలవాట్లు అనుటకు కారణము కలదు. గుణము పుట్టుకతో వచ్చునని చెప్పి మనము తప్పించుకొనవచ్చును. అలవాటు దినదినము చేసి నేర్చుకొనునది. లింగపూజను మనమెట్లు నేర్చుకొంటిమో, దీనిని అట్లే నేర్చుకొనవచ్చును.

మొదటి అలవాటు: వినుట

బొగ్గుబాయిలో పని చేయు వారికి ఈ దృశ్యము తెలియును. షిఫ్టు పని మొదలు పెట్టుటకు ముందు సర్దారు చేతికర్రతో పైకప్పును తట్టి చూచును. గట్టి కప్పు ఖంగున పలుకును. లోపల పొర విడిన కప్పు డొల్లగా పలుకును. డొల్ల శబ్దము వినబడిన చోట మనిషిని నిలువనీయడు. అతడు కప్పును తిట్టడు. డొల్లగా పలుకవలదని ఆజ్ఞాపింపడు. తట్టును, వినును, పిమ్మట ఆసరా నిలిపించును. ఆ చిన్న కర్రదెబ్బ వలన ఎన్ని ఇండ్లలో దీపము వెలుగుచున్నదో లెక్కించువారెవరు?

మనుష్యులును అట్టి కప్పు వంటివారే. పదిమందిలో ఒకడు మాటలాడుట మానివేసినచో, ఒకడు తరచుగా నాగా పెట్టుచున్నచో, ఇద్దరు ఒకరి ముఖము ఒకరు చూడకున్నచో, ఎచ్చటనో పొర విడినదని అర్థము. పెద్దయైనవాడు తట్టి వినవలెను. కేకలు వేసినచో ఆ శబ్దము వినబడదు. తన కేకయే తనకు వినబడును.

అనుభవ మంటపమును తలచుకొనుడు. సంప్రదాయము ప్రకారము దానిని నెలకొల్పినవాడు బసవన్న. ఐనను అందలి శూన్య సింహాసనము అల్లమప్రభువునకు ఒప్పగించి తాను సభలో ఒకడుగా కూర్చుండెను. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య, డోహర కక్కయ్య మొదలగు శ్రమజీవులు ఆ సభలో నోరు విప్పిరి. అక్కమహాదేవి నిర్భయముగా ప్రత్యుత్తరములు చెప్పెను. రాజు కొలువులో మంత్రి యెదుట చాకలి నిలువబడి మాటలాడగలిగిన కాలమా అది? ఆ ధైర్యము వారికి ఊరకనే రాలేదు. పెద్దవాడు ఆసనము దిగి చోటిచ్చినందున వచ్చినది.

2003వ సంవత్సరము జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది అసువులు బాసిరి. ఆ దుర్ఘటన కారణములను విచారించుట ఈ ప్రవచనము పని కాదు. అది నిపుణుల పని. కాని అట్టి దినమును చూచిన ప్రాంతములో బ్రతుకుచున్న మనము ఒక్క సంగతి మరువరాదు. భూగర్భములో చెప్పిన మాటకును, చెప్పని మాటకును నడుమనున్న దూరము ప్రాణము. కనుక వినుట అచట మర్యాద మాత్రమే కాదు, ప్రాణరక్షణము.

ఆ యువకునకు నేను చెప్పినది ఇది. "పని మొదలు పెట్టుటకు ముందు కొద్ది నిమిషములు అందరితో నిలువుము. మూడు ప్రశ్నలు అడుగుము. నిన్న ఏది అడ్డుపడినది? నేడు ఏది భయము కలిగించుచున్నది? నా వలన కావలసిన సాయమేమి? అడిగి ఊరకుండుము. అందరికంటె చిన్నవాడు ముందు మాటలాడవలెను, నీవు చివరకు మాటలాడవలెను. చెడువార్త తెచ్చినవానికి అందరి యెదుట కృతజ్ఞత చెప్పుము. అతడు చెప్పినది నిజము కాకపోయినను చెప్పుము. చెప్పినదానిని పుస్తకములో వ్రాసి, మరునాడు దానికేమి చేసితివో అతనికే తెలుపుము. విని ఏమియు చేయనివానికి రెండవ మారు ఎవ్వరును చెప్పరు."

రెండవ అలవాటు: మితమెరుగుట

ఐదక్కి మారయ్య, లక్కమ్మల కథ మన ఇండ్లలో పిల్లలకును తెలియును. బసవన్న ముంగిట చిందిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించి తెచ్చిన గింజ ఆశ అగునని హెచ్చరించి, మిగిలినదానిని తిరిగి అచ్చటనే వేసి రమ్మనెను. భర్త తెచ్చిన సొమ్మును తిప్పి పంపిన ఆ ఇల్లాలి ధైర్యము ఎంత గొప్పది!

ఈ కథను మనము ధనమునకు అన్వయించుకొందుము. మనుష్యుల బలమునకు అన్వయించుకొనము. నేడు పదిమంది వద్ద వారి శక్తికి మించిన పని రాబట్టినవాడు, రేపటి బియ్యమును నేడే ఏరి తెచ్చుకొనినవాడు. మొదటి రెండు నెలలు మెప్పు వచ్చును. పిమ్మట నాగాలు, రోగములు, తగవులు వచ్చును. ఆ యువకుని షిఫ్టులో జరిగినదిదియే. రెండు నెలల మెప్పునకు నాలుగవ నెలలో ఒకని కాలు ధర చెల్లించినది.

దీనికి బొగ్గుబాయిలోనే మంచి దృష్టాంతము కలదు. భూగర్భములో గదులు త్రవ్వుచు పోవు పద్ధతిలో, బొగ్గునంతటిని ఒక్కసారి త్రవ్వరు. నడుమ నడుమ బొగ్గునే స్తంభములుగా నిలిపి ఉంచుదురు. వానినే పిల్లర్లందురు. తెలియనివాడు చూచినచో, ఇంత మంచి బొగ్గును ఏల వదలితిరని అడుగును. ఆ వదలిన బొగ్గు పైనున్న భూమినంతటిని మోయుచున్నదని పని తెలిసినవాడు చెప్పును. త్రవ్వక నిలిపినది త్రవ్వినవాని ప్రాణము కాచును. కార్మికుని విశ్రాంతి అట్టి పిల్లరు. వారపు సెలవు అట్టి పిల్లరు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాని పగటి నిద్ర అట్టి పిల్లరు. ఇంట శుభకార్యమున్నదని అడిగిన ఒక్క దినపు సెలవు అట్టి పిల్లరు. వీనిని ఒక్కొక్కటిగా లాగివేసి, మా పని పెరిగినదని సంతోషించు పెద్దకు పైకప్పు ఎంతసేపు నిలుచును?

మితమనగా సోమరితనమని ఎవ్వరును అపార్థము చేసికొనరాదు. శరణులు సోమరులకు చోటిచ్చినవారు కారు. నులియ చందయ్య గడ్డితో తాళ్ళు పేని అమ్మి జంగమసేవ చేసినవాడు. గడ్డి కోయునప్పుడు ఇష్టలింగము నీట జారిపడినను పని ఆపలేదని కథ. అంత శ్రద్ధ కావలసినదే. ఐతే చందయ్య తన శ్రద్ధకు తానే యజమాని. పరుని శ్రద్ధకు మనము యజమానులము కాము. తనను తాను కష్టపెట్టుకొనుట తపస్సు. పరులను తన పేరు కొరకు కష్టపెట్టుట హింస. అందరికంటె ముందు బాయి దిగి, అందరి తరువాత పైకి వచ్చు పెద్ద, తెలియకయే తన తపస్సును పదిమందికి చట్టముగా చేయుచున్నాడు. అతడు ఇంటికి పోవలసిన వేళకు పోవుటయు ఒక బోధయే. పెద్ద పోయినప్పుడే చిన్నవాడు నిర్భయముగా పోగలడు.

మూడవ అలవాటు: పంచుట

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. నేను పెట్టుచున్నాననెడు భావము లేక పెట్టుట. పనిచోట పంచవలసినవి రెండు కలవు. ఒకటి కీర్తి, ఒకటి లెక్క.

కీర్తిని గూర్చి శూన్యసంపాదనములో చక్కని ఘట్టము కలదు. సొన్నలిగె సిద్ధరాముడు గొప్ప కర్మయోగి. ఎందరో పనివారిని కూర్చి చెరువు త్రవ్వించుచుండెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి సిద్ధరాముని మట్టిపనివాడని ఎత్తిపొడిచెను. పనివారికి కోపము వచ్చి రాళ్ళు రువ్విరి. సిద్ధరాముడును కోపముతో వచ్చెను. చివరకు ఆ మహానుభావుడు గ్రహించిన సత్యమేమి? చెరువు త్రవ్వించుట దోషము కాదు. లోకమునకు నీరు కావలెను. నేను త్రవ్వించితిననెడు అహంకారమే దోషము. అంతటి సిద్ధపురుషునకే ఆ పరీక్ష తప్పలేదు. నెలాఖరున పై అధికారి యెదుట, నా షిఫ్టు, నా ఉత్పత్తి అని చెప్పుకొను మనకు తప్పునా? మెప్పు వచ్చినపుడు పనివాని పేరు చెప్పుము. మాట వచ్చినపుడు నీ పేరు చెప్పుకొనుము. ఈ ఒక్క అలవాటుతో సగము తగవులు అణగును.

ఇక లెక్క. మన ప్రాంతముననే ఇందుకు సాక్ష్యములు కలవు. 1990ల దశకమున సింగరేణి సంస్థ అపార నష్టములలో మునిగి బి.ఐ.ఎఫ్.ఆర్. యెదుట నిలువవలసి వచ్చెను. సంఘములు పెక్కు, సమ్మెలు తరచు. ఒకరి మాట ఒకరు నమ్మని కాలమది. పిమ్మట సంస్థ కోలుకొనుటకు కారణములు అనేకములు. ప్రభుత్వ సాయము, బొగ్గు ధరలు, యంత్రములు అన్నియు కలవు. ఐనను రెండు మార్పులు మనకు ముఖ్యము. వివిధ శాఖల అధికారులు బృందములుగా గనులకు వచ్చి, సంస్థ స్థితిని కార్మికుల యెదుట విప్పి చెప్పసాగిరి. 1998వ సంవత్సరమున గుర్తింపు సంఘమును కార్మికులే రహస్య ఓటుతో ఎన్నుకొను పద్ధతి మొదలైనది. లెక్క తెలిసినవాడు సంస్థను తనదిగా చూచును. ఓటున్నవాడు మాటకు విలువ కలదని నమ్మును. కోలుకొనుట ఒక్కని ఘనత కాదు. బాయి దిగిన వేలమంది చెమట అది.

ఇంతకంటె పాత సాక్ష్యము ముల్కనూరు. నేడు హనుమకొండ జిల్లాలోనున్న ఆ గ్రామము నాడు కరీంనగరు జిల్లాలోనిదే. 1956వ సంవత్సరమున అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున 14 గ్రామముల రైతులు కూడి అచట సహకార గ్రామీణ బ్యాంకును స్థాపించిరి. అప్పు ఇచ్చుటతో ఆగక, విత్తనము, ఎరువు, పంట కొనుగోలు, ధాన్యము మర పట్టుట వరకు ఆ సంఘము రైతు వెంట నడచినది. సహకార సంఘములు ఎన్నియో పుట్టి ఎన్నియో మూతపడిన దేశమున ఇది దశాబ్దములుగా నిలిచినది. రైతు తెచ్చిన అప్పును తిరిగి కట్టుట తన సొమ్మును తాను కాపాడుకొనుటయని ఆ సంఘ సభ్యులు గ్రహించిరి. సభలో లెక్క విప్పి చెప్పువాడు లేనిచో ఆ గ్రహింపు రాదు.

నాలుగవ అలవాటు: అప్పగించుట

ముల్కనూరు కథకు ముగింపు అచటితో లేదు. 2000వ సంవత్సరమున ఆ ప్రాంతపు స్త్రీలు తమదైన సహకార డెయిరీని నెలకొల్పిరి. సభ్యులు స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే. స్వకృషి అను పేరుతో వారి పాలు అమ్ముడగుచున్నవి. బ్యాంకును స్థాపించిన పెద్దలు గతించినను బ్యాంకు నిలిచినది. ఆ నేలలోనే మరియొక సంస్థ మొలచి, చదువు తక్కువైన తల్లులు సభ నడపుట, లెక్క అడుగుట నేర్చిరి. నాయకుడు మంచివాడా కాడా అని తెలిసికొనుటకు ఇదియే గీటురాయి. అతడు లేని దినమున పని ఎట్లు నడచుచున్నది?

కొందరు పెద్దలు, నేను ఒక్క దినము రాకున్న అంతయు ఆగిపోవునని గర్వముగా చెప్పుకొందురు. అది గర్వింపదగిన మాట కాదు. తన పనిని ఎవ్వరికిని నేర్పలేదని ఒప్పుకొనుట. తాళపుచెవి నడుమున దోపుకొనిన ముసలమ్మ ఊరు పోయిన నాడు ఇంటిల్లిపాది పస్తున్నట్లుండును.

కల్యాణమున బసవన్న ఎదుర్కొనిన కష్టము మనకు తెలిసినదే. హరళయ్య, మధువరసుల కుటుంబముల నడుమ కుదిరిన వివాహము రాజాగ్రహమునకు కారణమైనది. శరణులు చెదరిపోయిరి. బసవన్న కూడలసంగమమునకు చేరెను. చెన్నబసవన్న మొదలగువారు ఉళివి దిక్కుగా తరలిరని సంప్రదాయము. మంటపము చెదరిననాడే ఆ ధర్మము ముగిసిపోవలసినది. ముగియలేదు. ఏలనగా, అది ఒక్క బసవన్న నోట మాత్రమే నిలిచిన మాట కాదు. ప్రతి శరణుడును తన కాయకముతో, తన నాలుకతో దానిని చెప్పుట నేర్చియుండెను. తాళ్ళు పేనువాడును, గింజలు ఏరు ఇల్లాలును ఆ బోధకు వారసులైరి. పంచి ఇచ్చిన దీపమును గాలి ఒక్కసారిగా ఆర్పజాలదు.

కావున పెద్దయైనవాడు నెలకొక పనిని మరియొకరికి నేర్పవలెను. నేర్పిన పిమ్మట వారి చేతికే వదలవలెను. వారు తప్పు చేసినచో ఒంటరిగా పిలిచి చెప్పవలెను. తన సెలవు దినమున ఫోను చేసి ప్రతి చిన్న సంగతియు అడుగరాదు. అప్పగించి మరల లాగికొనుట అప్పగింత కాదు.

ఒక మండలపు నియమము

ఇవి యన్నియు ఒక్కనాడు సాధ్యములా యని అడుగవచ్చును. సాధ్యములు కావు. మనము ప్రతి ఉదయమును ఇష్టలింగమును అరచేత నుంచుకొని చూచెదము. దానిని చూచుచు తన్నుతాను చూచుకొనుటయే ఆ పూజలోని మర్మము. ఆ సమయమున ఒక్క ప్రశ్న చేర్చుకొనుడు. నిన్న నా మాట వలన ఎవని ముఖము చిన్నబోయినది? సాయంకాలము విభూతి ధరించునపుడు మరియొక ప్రశ్న. నేడు నాతో ఎవడు నిజము చెప్పెను? ఎవ్వడును చెప్పకున్నచో, తప్పు వారిది కాదని తెలిసికొనుడు.

ఒక మండలము, అనగా 40 దినములు, ఒక్క అలవాటును మాత్రమే పట్టుడు. మొదటి మండలము వినుట. అది కుదిరిన పిమ్మట మితము. నాలుగింటిని ఒక్కమారు పట్టినవాడు దేనిని నిలుపుకొనలేడు. ఒక దినము తప్పినచో మరునాడు మరల మొదలు పెట్టుడు. పూజ తప్పిననాడు లింగమును విడిచిపెట్టము గదా!

ఈ మాటలు ఉద్యోగులకు మాత్రమే చెప్పినవి కావు. జాతర దినములలో దాసోహపు వంటశాల నడపు పెద్దలు, రాత్రింబవళ్ళు పొయ్యి దగ్గర నిలిచినవారికి మార్పు మనుష్యులను ఏర్పరచుచున్నారా? మఠములలో లెక్కలు వ్రాయువారు ఏటికొకసారి భక్తుల యెదుట వానిని చదువుచున్నారా? ఇంటి యజమాని కోడలి మాటను, కొడుకు మాటను పూర్తిగా వినుచున్నాడా? నలుగురు కూడి చేయు పని ఎచట ఉన్నదో అచట ఈ కాయకము కలదు. మఠములు ముందు చేసి చూపినచో సంసారులు వెనుక నడతురు.

ఆ యువకుడు మరుసటి శివరాత్రికి మరల వచ్చెను. ముఖము తేటగా ఉండెను. షిఫ్టు పని ఎట్లున్నదని అడిగితిని. "మొదటి రెండు నెలలలో వలె అమాంతముగా పెరుగలేదు, అయ్యగారూ. తగ్గనూ లేదు. నెలనెలకు ఒక్క తీరుగా వచ్చుచున్నది. మస్టర్లు నిలకడగా ఉన్నవి" అనెను. కొంచెము ఆగి మరల చెప్పెను. "మొన్న అతడే, నాడు తాడు సంగతి చెప్పనివాడు, పని మొదలు కాకముందే చెయ్యి ఎత్తి, 'సార్, తాడుల మళ్ల పోగులు లేచినయ్' అనెను. హాలేజీ ఆపితిమి. తాడు మార్చువరకు సగము షిఫ్టు పోయినది. పై వారు అడిగిరి. నేనే ఆపించితినని చెప్పితిని. పనివారికి మాట రానీయలేదు."

ఆ సగము షిఫ్టు నష్టమును నేను లెక్క వేయదలచితిని. ఒక తట్టలో కొన్ని టబ్బుల సామాను. మరియొక తట్టలో ఎవని ఇంటనో సాయంకాలము తండ్రి రాకకై తలుపు వైపు చూచు పసిబిడ్డ. ఏ తట్ట బరువో మీరే చెప్పుడు.

"బిడ్డా, నీవిప్పుడు రెండవ కాయకమును మొదలు పెట్టితివి" అని ఆశీర్వదించి పంపితిని.

పెద్దరికము గద్దె కాదు, కాయకము. దానిని శుద్ధముగా చేయు బుద్ధిని కూడలసంగమదేవుడు మనకందరికి ప్రసాదించుగాక. శరణు శరణార్థులు.